ఇంటికి తాళం పడితే...

"పండగ లోపల ఇల్లు ఖాళీ చేయండి" అని ఇంటివాళ్లు అనగానే మన ఆడవాళ్లు చాలామంది గిన్నెలు సర్దడం మొదలుపెడతారు. ఎందుకని అడగరు. అడిగితే మాటలు పడాలని భయం, చేతిలో కాగితం లేదని బెంగ.

నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల ఊరు బేతంచెర్ల. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మున్సిపాలిటీల కోసం చేసింది. పంచాయతీ ఊళ్లకు ఆ నీడ ఉండేది కాదు. బేతంచెర్ల నగర పంచాయతీకి ఎన్నికలు జరిగింది 2021 నవంబరులో. ఈలోగా 2017లో రాష్ట్రం కొత్త చట్టం చేసి, అద్దె ఒప్పందం రాసుకోవాలంది.

కాగితం లేనంత మాత్రాన దిక్కులేనివాళ్లం అనుకోకండి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, నెలనెలా అద్దె కట్టే ఇంటికి మామూలుగా పదిహేను రోజుల ముందు నోటీసు రాసివ్వాలి. గడువు దాటినా సామాను వీధిలో పడేసే హక్కు యజమానికి లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. బలవంతంగా గెంటేస్తే, 1963 నాటి చట్టం కింద ఆరునెలల్లోగా దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు.

రుజువు మాత్రం కావాలి. అద్దె చేతికిచ్చి ఊరుకోవద్దు, రసీదు రాయించుకోండి, లేదా ఫోన్లో ఖాతాకు పంపండి. రసీదు అడిగితే ఇంటావిడ ముఖం మాడ్చుకుంటుంది. మాడ్చుకోనీయండి! ఒప్పందంలో ఆయన పేరుతోపాటు మీ పేరూ వేయించండి. "ఇల్లు నా పేరుమీదుంది, పో" అనే మొగుళ్లకు 2005 గృహహింస చట్టం జవాబు చెబుతుంది: కాపురమున్న అద్దె ఇంట్లో ఉండే హక్కు భార్యకూ ఉంది.

లాయరుకు డబ్బులెక్కడివంటారా? 1987 చట్టం కింద, ఆదాయంతో పనిలేకుండా, స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఉంది. కోర్టు దగ్గరి న్యాయసేవా కమిటీలో దరఖాస్తు ఇవ్వండి.