లెక్క చూసుకోకుండా బయలుదేరిన రాజు

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు ఒక రాజును గురించి చెబుతాడు. పదివేల మంది సైనికులున్న రాజు, ఇరవై వేలతో మీదికి వస్తున్న మరో రాజును ఎదిరించగలనా లేదా అని ముందుగానే ఆలోచించుకుంటాడు. తన బలం చాలదనుకుంటే శత్రువు ఇంకా దూరంలో ఉండగానే రాయబారిని పంపి సంధి అడుగుతాడు. ప్రభువు ఈ మాట శిష్యత్వపు వెలను గురించి చెప్పాడు, రాజనీతిని గురించి కాదు. మనమూ అలాగే బోధిస్తాం. అయినా ఆ ఉదాహరణ ఊరికే తీసుకున్నది కాదు. యుద్ధానికి వెళ్లేవాడు లెక్క చూసుకోవాలన్నది ఆ మాట విన్న పొలం కూలీకి కూడా తెలుసు.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ సరిహద్దు దాటినప్పుడు కీవ్ నగరం కొద్ది రోజుల్లో పడిపోతుందని మాస్కోలోనే కాదు, అనేక పాశ్చాత్య రాజధానుల్లోనూ అనుకున్నారు. నాలుగేళ్లు నిండాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ హిట్లర్ సైన్యాలతో పోరాడింది 1,418 రోజులు. 2026 జనవరిలో ఈ యుద్ధం ఆ లెక్కనూ దాటేసింది. 988లో కీవ్ రాజు వ్లాదిమిర్ పొందిన బాప్తిస్మాన్నే తమ క్రైస్తవ్యానికి మొదలుగా చెప్పుకునే రెండు పొరుగు దేశాల మధ్య ఇది జరుగుతోంది.

రెండు వైపులా తప్పుందిలే అని పక్కకు తప్పుకోవడం మనకు అలవాటు. ఇక్కడ అది న్యాయం కాదు. సరిహద్దు దాటి వచ్చింది ఒకరు, ఇల్లు కాపాడుకుంటున్నది మరొకరు. ఆ సంగతి స్పష్టంగా చెప్పిన తరువాతే ఖర్చుల సంగతి మాట్లాడాలి. ఆ ఖర్చుల్లో అన్నిటికంటే పెద్దది ఏ బడ్జెట్ కాగితంలోనూ కనబడదు. యుద్ధం చాలాకాలం సాగితే, దాన్ని కొనసాగించడం కన్నా ఆపడమే ఎక్కువ ఖరీదుగా తోచే రోజు ఒకటి వస్తుంది. ఈ రెండు దేశాలూ ఇప్పుడు అక్కడికి చేరాయి.

రష్యా సంగతి చూడండి. 2025 బడ్జెట్లో రక్షణకు కేటాయించినది 13.5 లక్షల కోట్ల రూబుళ్లు. కేంద్ర ప్రభుత్వ ఖర్చులో దాదాపు మూడో వంతు అది, దేశ ఆదాయంలో 6 శాతానికి పైమాటే. మన దేశం రక్షణకు పెట్టేది 2 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. సైన్యంలో చేరడానికి మనుషులు ముందుకు రాకపోవడంతో 2024 జులైలో ప్రభుత్వం చేరిక సొమ్మును 4 లక్షల రూబుళ్లు చేసింది. మాస్కో నగరం తన తరఫున 19 లక్షలు ఇస్తానంది. పేద ప్రాంతాల్లో ఒక కుటుంబం ఏళ్ల తరబడి కష్టపడినా కళ్లచూడని డబ్బు అది. కొడుకు చనిపోతే వచ్చే పరిహారం ఇంకా ఎక్కువ. మగపిల్లవాడి ప్రాణానికి ఇంత అని ధర కట్టి, దాన్ని గోడ మీద పోస్టరుగా అంటించిన దేశమైంది అది. పేర్లతో సహా నిర్ధారణ అయిన రష్యా మృతులే లక్ష దాటారు. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువే ఉంటుంది.

లక్షల మంది యువకులు సరిహద్దుకు వెళ్లారు, ఇంకా లక్షల మంది దేశం విడిచిపోయారు. కర్మాగారాల్లో చేతులు కరువయ్యాయి. జీతాలు పెరిగాయి, వాటి వెంట ధరలూ పెరిగాయి. ధరలను అదుపు చేయడానికి రష్యా కేంద్ర బ్యాంకు 2024 అక్టోబరులో వడ్డీ రేటును 21 శాతానికి పెంచింది. తరువాత మెల్లగా తగ్గిస్తూ వచ్చినా చిన్న వ్యాపారికి, ఇల్లు కట్టుకోవాలనుకునే కుటుంబానికి బ్యాంకు తలుపు మూసుకున్నట్టే అయింది. ఇంటి లోను మీద తొమ్మిది శాతం అంటేనే మనం పెన్నూ కాగితం తీసుకుని కూర్చుంటాం. అక్కడ ట్యాంకులు తయారు చేసే కంపెనీకి మాత్రం ప్రభుత్వమే అప్పు ఇప్పిస్తుంది. చివరికి 2026 జనవరి నుంచి వ్యాట్‌ను 20 నుంచి 22 శాతానికి పెంచారు. యుద్ధం ఖర్చు బజారులో సరుకులు కొనుక్కునే ముసలమ్మ బిల్లులోకి వచ్చి చేరింది.

రేపు యుద్ధం ఆగిందనుకోండి. ఆయుధాల కర్మాగారం మీదే బతుకుతున్న పట్టణాలకు పని ఎక్కడిది? ఎక్కువ జీతానికి అలవాటుపడి, మనసు గాయపడి తిరిగివచ్చే లక్షల మందికి ఎవరు ఏ ఉద్యోగం ఇస్తారు? ఇంత జరిగాక ఏం సాధించామని తల్లులు అడిగితే జవాబు ఏమిటి? పాలకుడికి శాంతి అంటేనే భయం పుట్టేది ఇలాగే.

ఉక్రెయిన్ పరిస్థితి వేరు, మరింత బాధాకరం. మొదటి ఏడాదే దేశ ఆదాయం పావు వంతుకు మించి కూలిపోయింది. ప్రజలు కట్టే పన్నులు సైన్యానికే సరిపోతున్నాయి. పంతుళ్ల జీతాలు, ముసలివారి పింఛన్లు పరదేశాల సాయంతో నడుస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి, యూరోపియన్ కమిషన్ ఉక్రెయిన్ ప్రభుత్వంతో కలిసి వేసిన అంచనా ప్రకారం, కూలినదాన్ని తిరిగి నిలబెట్టడానికి పదేళ్లలో 524 బిలియన్ డాలర్లు కావాలి. ఆ దేశం ఒక ఏడాదిలో సంపాదించేదానికి అది దాదాపు మూడింతలు. ఆ అంచనా వేసిన తరువాత కూలినవి వేరు.

డబ్బు ఎలాగో తేవచ్చు. మనుషులను తేలేరు. దాదాపు 60 లక్షల మంది దేశం బయట ఉన్నారు. వారిలో ఎక్కువ మంది తల్లులు, పిల్లలు. నాలుగేళ్లుగా జర్మనీలోనో పోలండ్‌లోనో బడికి వెళ్తున్న బిడ్డ ఇక ఖార్కివ్‌కు తిరిగి వస్తాడా? 2024లో సైన్యంలోకి తీసుకునే వయసును 27 నుంచి 25కు తగ్గించినప్పుడు ఆ దేశం ఎంత తర్జనభర్జన పడిందో గుర్తు చేసుకోండి. అసలే తక్కువగా ఉన్న యువతరాన్ని ఖర్చు చేస్తే రేపు ఎవరు పెళ్లి చేసుకుంటారు, ఎవరు కంటారు అన్నది వారి ముందున్న ప్రశ్న.

రాజకీయంగా ఎవరు ఏం పోగొట్టుకున్నారు? నాటో తన దగ్గరికి రాకూడదని యుద్ధం మొదలుపెట్టానన్న రష్యాకు, 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దున్న ఫిన్లాండ్ 2023లో నాటో సభ్యురాలైంది. స్వీడన్ మరుసటి ఏడాది చేరింది. యుద్ధాన్ని విమర్శిస్తే ఏళ్ల తరబడి జైలులో పెట్టే చట్టాలు వచ్చాయి. ఉక్రెయిన్‌లో సైనిక చట్టం కారణంగా ఎన్నికలు ఆగిపోయాయి. దాడికి గురైన దేశంలో అది అర్థం చేసుకోదగినదే, కానీ నష్టం నష్టమే. 2025 జులైలో అవినీతి నిరోధక సంస్థల స్వతంత్రతను తీసేస్తూ అక్కడ చట్టం చేస్తే, యుద్ధం మధ్యలోనే యువతరం వీధుల్లోకి వచ్చింది. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. నాకు ఆ దేశం మీద నమ్మకం మిగిల్చిన వార్తల్లో అదొకటి.

చిక్కుముడి మరొకటుంది. రష్యా 2022 సెప్టెంబరులో నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాలు తనవేనని ప్రకటించి రాజ్యాంగంలోనే రాసేసుకుంది. ఉక్రెయిన్ రాజ్యాంగం ప్రకారం దేశమంతటా ప్రజాభిప్రాయ సేకరణ జరగనిదే ఒక్క అంగుళం మార్చడానికి వీల్లేదు. సంధి రాయబోయే చేతులను ముందే కట్టేసుకున్నారు. దూరంలో ఉండగానే రాయబారం పంపాలన్న ఉపమానంలోని ఆ చిన్న మాట ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

సంఘం చెల్లించిన వెల సంగతి రాయడానికి చేయి రావడం లేదు గాని, క్రైస్తవ పత్రిక రాయకపోతే ఎవరు రాస్తారు? 2022 సెప్టెంబరులో మాస్కో పేట్రియార్క్ కిరిల్ ఒక ప్రసంగంలో, సైనిక విధి నిర్వహణలో చనిపోయినవాని పాపాలన్నీ ఆ త్యాగంతో కడుగబడతాయని బోధించాడు. సిలువ రక్తం చేసే పనిని యుద్ధంలో కార్చే రక్తానికి అప్పగించిన బోధ అది. దానికి వేరే పేరు పెట్టలేను. ఉక్రెయిన్ 2024లో మాస్కోతో సంబంధమున్న సంఘాలను నిషేధించడానికి వీలుగా చట్టం చేసింది. భద్రత కోసమే అన్నారు. అక్కడ తరతరాలుగా మోకరించిన సాధారణ విశ్వాసి మాత్రం రెండు వైపులా అనుమానితుడయ్యాడు. రష్యా ఆక్రమించిన మెలిటోపోల్ పట్టణంలో 2022 సెప్టెంబరులో ఒక సువార్త సంఘం ఆదివారపు ఆరాధనలో ఉండగా సాయుధులు లోపలికి వచ్చారు. ఆ మందిరం మళ్లీ సంఘం చేతికి రాలేదు.

ఆ మెలిటోపోల్‌కు ఉత్తరాన, ఎంతో దూరం కాదు, మొలోచ్నా నది ఒడ్డున ఒకప్పుడు మెన్నోనైట్ గ్రామాలుండేవి. అక్కడి నుంచే అబ్రహాం ఫ్రీసెన్ దొరగారు, దొరసానిగారు మరియా బయలుదేరి వచ్చి 1890లో నల్గొండలో పరిచర్య మొదలుపెట్టారు. తెలంగాణలోని మన సంఘాలు కొన్ని ఆ గోధుమ రైతుల కానుకలతో నాటబడినవే. కత్తి పట్టకూడదన్నది ఆ విశ్వాసుల సిద్ధాంతం. మొదటి ప్రపంచ యుద్ధం, 1917 విప్లవం వచ్చి ఆ కానుకల దారి మూసుకుపోయింది. అక్కడి యుద్ధానికి నల్గొండ మిషను వెల చెల్లించింది. ఇప్పుడు ఆ పొలాల్లో మందుపాతరలు, కందకాలు.

ఈసారీ మన ఇంటి దాకా వచ్చింది. 2022లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర చూసి వెనక్కి పెట్టిన అమ్మలు మన సంఘాల్లో ఎంతమందో! అప్పటికి మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో అత్యధికం ఉక్రెయిన్‌దే. వైద్యవిద్య మధ్యలో వదిలి, రైలెక్కి, నడిచి, సరిహద్దులు దాటివచ్చిన పిల్లల్లో తెలుగువారు చాలామంది ఉన్నారు. ఆ రోజుల్లో వెనక్కి వచ్చిన భారతీయులు 22 వేలకు పైగా. రష్యా నుంచి చవక ముడిచమురు వచ్చింది నిజమే. బంకు దగ్గర మనకు పెద్దగా తగ్గింది లేదు. ఆ చమురు కొంటున్నామన్న కారణం చూపి 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద అదనంగా 25 శాతం వేసి, మొత్తం సుంకాన్ని 50 శాతం చేసింది. అప్పుడు గోదావరి జిల్లాల్లో రొయ్యల కౌంటు ధర పడిపోయి రైతులు కొత్త పిల్ల వేయడానికి వెనకాడారు. ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్యలు ఒలిచే అక్కచెల్లెళ్లకు పని దినాలు తగ్గాయి. దొనెత్స్క్ ఎక్కడుందో వారికి తెలియదు.

ఇక్కడ మా పల్పిట్ల తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2022లో యుద్ధం మొదలైన నెలలో ఈ పత్రికకు వచ్చిన వ్యాసాల్లో సగానికి పైగా యెహెజ్కేలు 38వ అధ్యాయం మీదే. గోగు రష్యాయేనా, మాగోగు ఎవరు, ఎత్తబడుట ఎంత దూరంలో ఉంది అని. రెండు నేనే అచ్చువేశాను. ప్రవచనాన్ని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. కాని గుర్తులు లెక్కపెట్టడంలో మునిగి విధవరాండ్రను లెక్కపెట్టలేదు. ఆ ఉత్సాహం ఆరు నెలల్లో చల్లారింది, దానితోబాటే ప్రార్థన పట్టికలోంచి ఉక్రెయిన్ పేరూ జారిపోయింది. మా సంఘంలో దాన్ని తిరిగి రాయించాం. రష్యా తల్లుల పేరూ పక్కనే రాయించాం. దానికి ఒక పెద్దగారు అభ్యంతరం చెప్పారు. ఆయనతో ఇంకా మాట్లాడుతున్నాను.

మరొకటి, ఇది పాస్టర్లందరికీ. సహాయకుడి ఉద్యోగమని, సెక్యూరిటీ పని అని ఏజెంట్లు చెప్పిన మాట నమ్మి రష్యా వెళ్లి, చేతికి తుపాకీ ఇచ్చి యుద్ధానికి పంపబడిన భారతీయులున్నారు. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క 126 మంది. వారిలో 12 మంది చనిపోయారు, 16 మంది జాడ తెలియదు. హైదరాబాద్ యువకుడి శవం కూడా ఇంటికి వచ్చింది. అప్పుల్లో ఉన్న ఇళ్ల నుంచే పిల్లలు ఇలా వెళ్తారు, అలాంటి ఇళ్లు మన సంఘాల్లో కొదవలేదు. ప్రయాణం కోసం ప్రార్థన చేయమని ఎవరైనా యువకుడు మీ దగ్గరికి వస్తే, తల మీద చేయి ఉంచే ముందు ఆ ఏజెంటు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నాడో లేదో చూడండి. కాంట్రాక్టు కాగితం ఏ భాషలో ఉందో, అతను దాన్ని చదవగలడో లేదో అడగండి.