డార్సీ ఆదాయం, మన ఆడపిల్లల వాటా



“తెలుగు సంఘంలో ఇంగ్లీషు ప్రేమ నవలల గోల ఏమిటి?” అన్న ప్రశ్న నెల రోజులుగా మన గ్రూపులో తిరుగుతోంది. నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం, హాలు పక్కగదిలో మేము పదిమందిమి కూర్చుని జేన్ ఆస్టెన్‌నీ షార్లెట్ బ్రాంటీనీ చదువుకోవడం, ఆ కథలతో వచ్చిన సినిమాలు చూడటం కొందరు పెద్దలకు నచ్చలేదు. ఆ గదిని వేరే పనులకు తీసుకోవాలని వచ్చే కార్యవర్గ సమావేశంలో ప్రతిపాదిస్తారట. గది సంఘానిదే, కాదనం. కానీ అందుకు చెబుతున్న కారణాల్లో ఒక్కటీ నిలవదు. వరసగా చూద్దాం.

మొదటి మాట: “అవి ఆడవాళ్ల కాలక్షేపం కథలు.”

ఈ మాట అన్నవాళ్లలో ఎందరు ఆ పుస్తకాలు తెరిచారో మాకు తెలియదు. 1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ దేని గురించి? ఒక ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలు. తండ్రి కన్నుమూస్తే ఇల్లూ పొలాలూ ఆ పిల్లలకు రావు. ఆస్తి మగవారసుడికే చెందాలన్న కట్టడి ముందే ఉంది కాబట్టి కాలిన్స్ అనే చుట్టానికి పోతాయి. తల్లి మిసెస్ బెనెట్ పెళ్లిళ్ల కోసం పడే ఆరాటం చూసి నవ్వుకుంటాం. కానీ ఆవిడ భయం వట్టిది కాదు. అందుకే ఆ నవలలో మనిషి గుణం తెలిసేలోపే ఆదాయం తెలిసిపోతుంది. బింగ్లీకి ఏడాదికి నాలుగైదు వేల పౌన్లు, డార్సీకి 10,000, బెనెట్ గారికి 2,000. ఇరవై ఏడేళ్ల షార్లెట్ లూకాస్ ఆ కాలిన్స్‌ని తెలిసి తెలిసి చేసుకుంటుంది, తలమీద ఓ కప్పు కోసం.

ఇక మనం పెట్టే వధూవరుల పరిచయ వేదిక ఫారం తీసి చూడండి. జీతం ఎంత, సొంత ఇల్లుందా, తోబుట్టువులెందరు, వాళ్లలో పెళ్లి కావలసినవాళ్లెందరు. కట్నానికి గడి ఉండదు. ఆ మాట కాఫీల దగ్గర అడుగుతారు. మిసెస్ బెనెట్ మన వేదికకు వస్తే మైకు ఆవిడ చేతికే ఇస్తాం. మనం ప్రతి ఏడూ చేసేదాన్నే ఒక ఇంగ్లీషావిడ రెండు వందల ఏళ్ల కిందట నవ్వుతూ బయటపెడితే, అది మాత్రం కాలక్షేపమా?

1811 నాటి ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రెండో అధ్యాయం మన ప్రతి కుటుంబంలోనూ పైకి చదవాల్సినది. చనిపోతున్న తండ్రికి జాన్ డాష్‌వుడ్ మాట ఇచ్చాడు, సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్లనీ చూసుకుంటానని. ఒక్కొక్కరికి వెయ్యి పౌన్లు ఇద్దామనుకుంటాడు. భార్య ఫ్యానీ నోరు విప్పుతుంది. వెయ్యి సగమవుతుంది. తర్వాత, తల్లికి ఏటా వంద ఇద్దామంటాడు. ఆవిడ చాలా కాలం బతికితే మనం నష్టపోమా అంటుంది ఫ్యానీ. ఆ వంద కాస్తా అప్పుడప్పుడూ ఇచ్చే యాభై అవుతుంది. చివరికి సామాను మార్చేటప్పుడు సాయం చేయడం, కాలానికి తగ్గట్టు చేపలో వేటమాంసమో పంపడం చాలని తేలుతుంది. అంతటితో ఆగరు. ఆ తల్లి తీసుకెళ్తున్న పింగాణీ సామాను మీద కూడా ఫ్యానీ కన్ను పడుతుంది. ఎవరూ గొంతు పెంచరు, ఎవరికీ తాము తప్పు చేస్తున్నామనిపించదు.

ఇది ఇంగ్లండు గొడవ, మనకెందుకంటారా? ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చి 1985 నుంచి అమలైంది. మనం ఉన్న తమిళనాడులో 1989లో వచ్చింది. కర్ణాటకలో, మహారాష్ట్రలో 1994లో. ఒడిశాలోని మనవాళ్ల ఆడపిల్లలు కేంద్రం 2005లో చట్టం మార్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ రాష్ట్ర చట్టాలు కూడా అప్పటికే పెళ్లయిన కూతుళ్లను బయటే ఉంచాయి. ఇప్పుడు చట్టం ఉంది. దానితోపాటు హక్కు విడుదల పత్రం కూడా ఉంది. అన్నదమ్ములు పట్టుచీరా పసుపుకుంకుమా పెట్టి, “పుట్టింటికి రాకపోకలు ఉండాలి కదమ్మా” అని సంతకం పెట్టించుకుంటారు. జాన్ డాష్‌వుడ్ మన బంధువుల్లో లేడని ఎవరైనా గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

రెండో మాట: “ఇదంతా దొరల భక్తి.”

1878లో వెలువడటం మొదలైన కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’లో గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఛాయ ఉందని సాహిత్య చరిత్ర చదివిన అందరికీ తెలుసు. ఆ ఇంగ్లీషు పుస్తకం చదివినందువల్ల ఆయన దొరలకు దాసుడు కాలేదు, తెలుగువాళ్లకు నవల రాసిపెట్టాడు. ఈ నవలల వెనక సామ్రాజ్యం ఉందన్నది నిజమే, మేము దాన్ని దాటవేయడం లేదు. ‘జేన్ ఐర్’లో రోచెస్టర్ అటక మీద బంధించిన భార్య జమైకా నుంచి వచ్చింది. ఆమె వైపు నుంచి జీన్ రీస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ రాసింది. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లోని ఇంటి సంపదకూ ఆంటిగ్వా తోటలకూ ఉన్న లంకెను ఎడ్వర్డ్ సయీద్ 1993లో విప్పి చూపించాడు. వాళ్లిద్దరూ పుస్తకం మూసి ప్రశ్నించలేదు, చదివి ప్రశ్నించారు.

మూడో మాట: “సినిమా చూసి నవల చదివామంటారు.”

ఈ ఒక్కదాంట్లో కొంత న్యాయం ఉంది. 1995లో బీబీసీ ఆరు భాగాలుగా తీసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో డార్సీగా వేసిన కాలిన్ ఫర్త్ చెరువులో ఈది తడిసిన చొక్కాతో వస్తాడు. లోకమంతా గుర్తు పెట్టుకున్న ఆ సన్నివేశం నవలలో లేనే లేదు. తెరమీద అందమైన గౌన్లూ పచ్చిక బయళ్లూ ముందుకొచ్చి, లెక్కల పుస్తకం వెనక్కి పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే మేము రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం. అదే 1995లో ఆంగ్ లీ తీసిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’కి ఎమ్మా థాంప్సన్ స్క్రీన్‌ప్లే రాసి ఆస్కార్ తీసుకుంది. ఆవిడ ఫ్యానీ బేరాన్ని మొదట్లోనే పెట్టింది, వదలలేదు. అదే నవల ఆధారంగా మన ఊళ్లోనే రాజీవ్ మేనన్ 2000లో ‘కండుకొండేన్ కండుకొండేన్’ తీశారు. తెలుగులో ‘ప్రియురాలు పిలిచింది’ అని వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఆస్తి చేజారిన తల్లీ కూతుళ్లు చెన్నైకి చేరడం, పెద్దమ్మాయి ఉద్యోగం చేసి ఇల్లు నిలబెట్టడం అందులో ఉన్నాయి. పాటలు గుర్తున్నాయి కానీ ఆ వీలునామా గుర్తుందా?

ఇంత చెప్పాం కదా అని, ఆస్తి చట్టం నేర్చుకోవడానికే చదువుతున్నామని అబద్ధమాడం. మాకు ఇష్టం కాబట్టి చదువుతున్నాం. ఏడాదికి 10,000 పౌన్లున్న మనిషి పెళ్లాడమని అడిగితే, చేతిలో ఏమీ లేని ఎలిజబెత్ కుదరదనడం మాకు ఇష్టం. ప్రాణంగా ప్రేమించిన రోచెస్టర్‌ని తన మర్యాద కోసం వదిలి జేన్ నడిచి వెళ్లిపోవడం, తర్వాత కలిసొచ్చిన 20,000 పౌన్లను నలుగురికి సమానంగా పంచడం ఇష్టం. మన వార్షికోత్సవాల్లో ‘శ్రీకృష్ణ తులాభారం’ వేస్తే సత్యభామ అలకకు అందరం చప్పట్లు కొడతాం. అక్కడ ప్రేమ కళ అయింది. మేము చదివితే కాలక్షేపం ఎలా అయింది?

ఆస్టెన్ బతికుండగా ఆమె పేరు ఏ పుస్తకం మీదా పడలేదు. మొదటి నవల మీద “ఒక స్త్రీ” రాసినదని మాత్రమే అచ్చయింది. డార్సీని సృష్టించిన నవల హక్కులకు ఆమెకు దక్కింది 110 పౌన్లు. ఆడవాళ్ల రాతనూ చదువునూ తక్కువ చేసి చూడటం కొత్తేమీ కాదు.

ఇక చివరి మాట: “తెలుగు చచ్చిపోతుంటే ఇంగ్లీషా?”

ఆ గదిలో పుస్తకం ఇంగ్లీషుది, చర్చ మాత్రం తెలుగులో. మా దగ్గరికి నలుగురు కాలేజీ అమ్మాయిలు వస్తున్నారు. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివిన పిల్లలు. తెలుగు వాళ్లకు అమ్మమ్మతో ఫోనులో మాట్లాడే నాలుగు ముక్కలే. వాళ్లు ఇప్పుడు డార్సీ పొగరుబోతా, సిగ్గరా అని గంటసేపు తెలుగులో పోట్లాడుకుంటున్నారు. మాట దొరక్కపోతే మమ్మల్ని అడిగి తెలుసుకుని మళ్లీ పోట్లాడుతున్నారు. సంఘం ఏటా చేసే భాషా దినోత్సవ ఉపన్యాసాలకు ఈ పిల్లల్లో ఎవరూ రాలేదు. ఆ గది తీసేస్తే పోయేది ఇంగ్లీషు కాదు, ఈ నలుగురి తెలుగు.

కాబట్టి కార్యవర్గానికి మా మనవి రెండు ముక్కలు. ఈ ప్రతిపాదనను మహిళా సభ్యులు కూడా ఉన్న సభలో పెట్టి నిర్ణయించండి. అంతకంటే ముందు, వచ్చే రెండో ఆదివారం మీరూ రండి. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రెండో అధ్యాయం చదువుతాం, కొద్ది పేజీలే, తెలుగులో చెప్పుకుంటూ వెళ్తాం. ఫ్యానీ మాటలు విని మీకు ఎవరూ గుర్తు రాకపోతే, గది తాళం మేమే తెచ్చి ఇస్తాం.