విత్తిందెంత? పండిందెంత?

వేసవి వచ్చిందంటే మన బస్టాండ్ల గోడలకు కొత్త రంగులొస్తాయి. ఒక కాలేజీ 95 శాతం ఉత్తీర్ణత అంటుంది. పక్క కాలేజీ 97 అంటుంది. మూడోది యేకంగా నూటికి నూరు అని రాయించి, కింద పదిమంది పిల్లల ఫోటోలు అతికిస్తుంది. ఇంటర్ పాసైన పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ ఆ గోడల ముందు మెడలు పైకెత్తి నిలబడతారు. ఇన్ని మంచి కాలేజీలుండగా, డిగ్రీ మధ్యలో మానేసి వూళ్లో తిరిగే కుర్రాళ్లు ఇందరెక్కడి నుంచి వచ్చారన్న అనుమానం మాత్రం యెవరికీ రాదు.

శాతం అన్న మాట వినగానే హారం యేమిటని అడగడం సైన్సు చదివేవాళ్లకు అలవాటు. గోడల మీది ఈ శాతాలకు హారం పరీక్ష రాసినవారి సంఖ్య. నూరుమంది చేరారనుకోండి. నలభైమంది మధ్యలో మానేశారు. మిగిలిన అరవైమందిలో 57 మంది పాసయ్యారు. అరవైకి లెక్కకడితే 95 శాతం, చేరిన నూరుమందికి లెక్కకడితే 57. రెండూ నిజమే. గోడెక్కేది మొదటిదే!

వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఈ లెక్క వింతగా వుంటుంది. ఆరెకరాల్లో పత్తి గింజలు పెట్టి, రెండెకరాలు మొలకే రాకపోతే, మిగిలిన పంటను నాలుగుతో భాగించి 'ఎకరానికి ఇన్ని క్వింటాళ్లు తీసిన' అని గొప్పలు చెప్పుకునే రైతును చూసి వూరంతా నవ్వుతుంది. విత్తనాల ఖర్చు, దున్నిన కూలి ఆరెకరాలకూ అయింది కదా! సావుకారి వడ్డీ కూడా ఆరెకరాలకూ కట్టాలి కదా!

పోనీ, ప్రభుత్వపు తూకంరాయి యేదైనా వుందా అంటే న్యాక్ వుంది. 1994లో యూజీసీ స్థాపించిన ఈ సంస్థ బెంగుళూరు నుంచి పనిచేస్తుంది. ఏడు అంశాల మీద మార్కులు వేసి, నాలుగుకు 3.51 వస్తే ఎ డబుల్ ప్లస్, అలా కిందికి గ్రేడులిస్తూ వచ్చింది. దాన్ని నేను తీసిపారేయను. గ్రేడు కోసం కాలేజీ సమర్పించే నివేదికలో మంజూరైన పోస్టులెన్నో, పూర్తికాలపు అధ్యాపకులెందరో వుంటుంది. ఓపిక వున్నవారు కాలేజీ వెబ్‌సైటులో వెతికి చూడవచ్చు. కాని అందులోనూ ఉత్తీర్ణత లెక్క చివరి సంవత్సరం పరీక్ష రాసినవారి మీదనే. పైగా 2025 ఫిబ్రవరిలో, గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు ఎ డబుల్ ప్లస్ ఇవ్వడానికి లంచాలు తీసుకున్నారన్న ఆరోపణ మీద న్యాక్ తనిఖీ బృందం వారిని సిబిఐ అరెస్టు చేసింది. ఇంత జరిగాక కూడా ఒక్క అక్షరం చూసి పిల్లలను చేర్పించేవారికి చెప్పగలిగిందేముంది?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని వున్నాయి. ఇంటి దగ్గరే, తక్కువ ఫీజుతో రెండేళ్ల చదువు. వాటిలో మొదటిదని చెప్పుకునే ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ కాలేజీ 1901లో మొదలయింది. మన చిన్న పట్నాల డిగ్రీ కాలేజీల్లాగే అక్కడా లేనివాళ్ల పిల్లలు, పనిచేసుకుంటూ చదివేవాళ్లు యెక్కువ. 1990లో అక్కడ ఒక చట్టం వచ్చింది. చేరినవారిలో యెందరు పూర్తిచేశారో కాలేజీలు బయటపెట్టాలి. రెండేళ్ల చదువుకు మూడేళ్ల గడువిచ్చి మరీ లెక్కిస్తారు. అందులోనూ లొసుగు లేకపోలేదు. కాలేజీ చదువులో మొదటిసారి చేరి, పూర్తికాలం చదివేవారినే లెక్కలోకి తీసుకుంటారు, పగలు పనిచేసి సాయంత్రం వచ్చేవాడు యెగిరిపోతాడు. అయినా హారం చేరినవారే. మనకది కూడా లేదు.

"మానేసినవాళ్లంతా మా వల్లనే మానేశారా బాబూ?" అని మా లెక్చరర్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒకడికి ఇంజనీరింగు సీటొస్తుంది. ఒకమ్మాయికి రెండో యేడు పెళ్లి చేస్తారు. ఇంకొకడు కానిస్టేబుల్ కోచింగుకు పోతాడు. మరొకడు బాపుకు పాణం బాగుండక ట్రాక్టరెక్కుతాడు. వీళ్లను విడివిడిగా రాయాల్సిందే. మార్కులు దండిగా వచ్చినవాళ్లనే యేరుకునే కాలేజీనీ, వచ్చినవాళ్లనెవరినీ కాదనని సర్కారు కాలేజీనీ ఒకే కొలతతో కొలవడం కూడా తప్పే. చెల్క దిగుబడిని చెరువు కింది తరి పొలంతో పోల్చి చెల్క రైతును యెవరూ తిట్టరు. కాని చెల్క రైతు కూడా విత్తిందెంతో దాచడు.

మా చిన్నాయన బిడ్డ ఇంటర్ రెండో యేడు. "దోస్తుల యే కాలేజి పెట్టాలెరా?" అని సంక్రాంతికి చిన్నాయన అడిగాడు. 2016 నుంచి మన దగ్గర డిగ్రీ ప్రవేశాలు దోస్త్ ద్వారా జరుగుతున్నాయి కనుక, నెట్ సెంటరు అబ్బాయి నొక్కిన వరుసే పిల్ల తలరాత. అందుకని క్లాసులు నడిచే రోజుల్లోనే, మధ్యాహ్నం భోజనాలయ్యాక, చెప్పకుండా ఇద్దరం మూడు కాలేజీలు తిరిగాం.

మొదటిది అద్దాల మేడ. రెండున్నరకు కెమిస్ట్రీ ల్యాబుకు తాళం వుంది. చిన్నాయన ప్రిన్సిపాలును కలవలేదు. బయట స్టూలు మీద కూర్చున్న అటెండరుకు బీడీ ఇచ్చి, "ఈ తాళం మల్ల యెప్పుడు తీస్తరన్నా?" అన్నాడు. పరీక్షలకు వారం ముందట!

రెండోదాంట్లో స్లాబు పెచ్చులూడింది. కాని టైట్రేషన్ నడుస్తోంది, మనిషికొక బ్యూరెట్టు. కాంట్రాక్టు లెక్చరరు ఒకాయన బల్ల బల్లకూ తిరుగుతున్నారు. "మీతోని చేరినోళ్లంత వున్నరా బిడ్డా?" అని చిన్నాయన ఒకమ్మాయిని అడిగితే, ఆ సారే అందుకుని ఫలానా వాళ్లు ఫలానా కారణాన పోయారని పేరు పేరునా చెప్పారు. ఒకమ్మాయి ఇంటికి తాను రెండుసార్లు పోయి వచ్చినట్టు కూడా చెప్పారు. అక్కడ చిక్కొక్కటే. ప్రాక్టికల్సు అయ్యేసరికి మా వూరి పల్లెవెలుగు వెళ్లిపోతుంది. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు ఛార్జీ లేదు, సరే. బస్సే లేకపోతే? హాస్టలు దొరుకుతుందేమో కనుక్కోవాలి.

మూడోదాని సంగతి మాకు ముందే తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని, పాసై రెండేళ్లయినా మా వూరి అబ్బాయి సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల బీరువాలోనే వున్నాయి. అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ బీరువాకది వినపడలేదు.

ఊళ్లో కాలేజీలను ఇన్ని అడిగినవాణ్ని, మన కాలేజీని అడగకపోతే బాగుండదు. అటెండెన్సు పిలిచేటప్పుడు పదకొండు, పన్నెండు అయ్యాక పదిహేను వస్తుంది. పదమూడు, పధ్నాలుగు యేమయ్యారో యెవరం అడగలేదు. విద్యార్థి సంఘం ఈ సంచికలో ఆటల కప్పులు, వార్షికోత్సవం ఫోటోలు వేసింది, సంతోషం. వచ్చే సంచికలో ఒక్క పేజీ అడుగుతున్నాను: గ్రూపుల వారీగా చేరినవారెందరు, పట్టా పుచ్చుకున్నవారెందరు, పోయినవారు యెందుకు పోయారు. మనకు అవమానం కలిగించే అంకె వచ్చినా సరే వేయాలి. రిజిస్టర్లు ఆఫీసులోనే వున్నాయి. ప్రిన్సిపాలు గారు అనుమతిస్తే ఇద్దరు కూర్చుని నాలుగు సాయంత్రాల్లో తీయవచ్చు. ఒకణ్ని నేను వున్నాను, ఇంకొకరు కావాలి.