పందిరి ఎవరు వేయాలి?

మేము చదివింది తమిళ మీడియం. తెలుగక్షరాలు దిద్దుకున్నది రిటైరయ్యాకే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

వచ్చే జనరల్ బాడీలో మన కల్యాణ మండపాన్ని మొత్తంగా ఒకే కాంట్రాక్టరుకు అప్పగించే తీర్మానం పెడుతున్నారు. వంట, పందిరి, పూలు, మెహందీ, సంగీత్, అన్నీ ఒకే ప్యాకేజీ. మేము దానికి ఒప్పుకోం. ఎందుకో చెప్పాలంటే జర్మనీ సంగతి చెప్పాలి, ఓపిక పట్టండి.

జోలార్‌పేట రైల్వే క్వార్టర్సులో మా పక్కింటివాళ్ల అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తూ, మ్యూన్‌స్టర్ దగ్గరి పల్లెటూరి అబ్బాయిని చేసుకుంది. "అన్నయ్యా, మాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు, వదినను తీసుకుని మీరూ రండి" అన్నాడు వాళ్ల నాన్న. పెళ్లికి పది రోజుల ముందే ఇద్దరం వెళ్లాం.

అక్కడ పెళ్లికి ముందు పోల్టరాబెంట్ అని ఒక సాయంత్రం చేస్తారు. చప్పుడు చేసే సాయంత్రం అని అర్థం. సాధారణంగా పిలుపులుండవు, విన్నవాళ్లంతా రావచ్చు. వచ్చేవాళ్లు పాత ప్లేట్లు, కప్పులు, పూలకుండీలు, టైల్సు తెచ్చి ఇంటి ముందు పగలగొడతారు. ఒకాయన పాత టాయిలెట్ బేసిన్ కూడా మోసుకొచ్చాడు! ఆ చప్పుడుకి చెడు పారిపోతుందని పాత నమ్మకం. గాజుసామాను, అద్దం మాత్రం పగలగొట్టకూడదట.

మాతో వచ్చిన పెళ్లికూతురి నాయనమ్మకు గుండె దడ పట్టుకుంది. "పెళ్లింట్లో కుండ పగలగొట్టడమేమిట్రా, అది శ్మశానంలో చేసే పని కదా" అంది. మాకూ మనసులో అదే ఉంది. దిష్టి గుమ్మడికాయ లాంటిదే అనుకో అత్తా అని సర్దిచెప్పాం. ఆవిడ ఒప్పుకోలేదు, కానీ లేచి వెళ్లనూ లేదు.

ఆ పెంకులన్నీ పెళ్లికొడుకూ పెళ్లికూతురే ఊడ్చాలి. ఊడ్చి పోగుచేసినదాన్ని అల్లరి పిల్లలు మళ్లీ కుమ్మరిస్తారు, ఇద్దరూ మళ్లీ ఊడ్వాలి. జాలిపడి మా ఆవిడ చీపురందుకుంటే పక్కింటావిడ నవ్వుతూ లాక్కుంది.

కానీ మా మనసులో నిలిచింది పగలగొట్టడం కంటే, దానికి ముందు జరిగిన పనులు. ఆ ప్రాంతంలో పెళ్లింటి గుమ్మానికి దండ కట్టడం ఇరుగుపొరుగు బాధ్యత. ఫర్ కొమ్మలు నరికి తెచ్చి, తీగతో పొడవాటి దండ అల్లి, అందులో ముడతల కాగితంతో చేసిన గులాబీలు గుచ్చుతారు. మూడు సాయంత్రాలు షెడ్డులో కూర్చుని చేశాం. మాకిచ్చింది కాగితం పూల పని. ముప్పై ఏళ్లు ఫైళ్లకు ట్యాగులు కట్టిన వేళ్లు కదా, త్వరగానే వచ్చేసింది. మాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. పూవు బాగా కుదిరితే తలూపేవాళ్లు, కుదరకపోతే విప్పేవాళ్లు.

అక్కడి ముసలమ్మలు తమలో తాము వేరే ఏదో మాట్లాడుకుంటున్నారు. ఏమిటమ్మా అది అని పెళ్లికూతురిని అడిగితే, "ప్లాట్ అంటారు పెదనాన్నా, ఇక్కడి పాత భాష. కుర్రవాళ్లకు కొంత అర్థమవుతుంది, బదులు మాత్రం జర్మన్‌లోనే చెప్తారు" అంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మనిళ్లలో అవ్వ తెలుగులో అడిగితే మనవడు తమిళంలో చెప్పడం లేదూ? అయితే ఆ షెడ్డులో ఒక కుర్రవాడు తీగ అందించమని ముసలమ్మను ప్లాట్‌లోనే అడిగాడు. పని అలాంటిది, పక్కపక్కన కూర్చోబెట్టింది.

మన పాత పెళ్లిళ్లలో పసుపు దంచేటప్పుడు ఆడవాళ్లు పాడిన తెలుగు పాటలు ఎవరు నేర్పారు? అక్షరం ముక్క రానివాళ్లే, రోటి దగ్గర కూర్చుని. ఇప్పుడు ఆ పూట మెహందీ, డీజే. ఇందులో మా తప్పూ ఉంది. మా అమ్మాయి పెళ్లి మొత్తం కాంట్రాక్టుకిచ్చాం. ఎనభై ఏళ్ల మా మేనత్త మావిడాకులు, పురికొస పట్టుకుని పొద్దున్నే మండపానికొచ్చింది. ప్లాస్టిక్ తోరణం కడుతున్న కుర్రవాడు "పాటీ, నువ్వు కుర్చీలో కూర్చో" అన్నాడు. ఆవిడ ఆకులు ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది. మేము చూసీ ఏమీ అనలేదు. మరుసటేడు పోయింది.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో తీరికెక్కడిది అంటారు. నిజమే. ఐదొందల మందికి వంట మనవల్ల కాదు, అది కాంట్రాక్టరుకే ఇవ్వండి. ఆ జర్మన్లూ పెంకులు పారబోయడానికి డబ్బా అద్దెకే తెచ్చారు. కానీ గుమ్మం దండ ఎవరికీ అప్పగించలేదు. మేమడిగేది ఇంతే: పెళ్లి ముందురోజు ముందరి హాలూ, పందిరి రాటా, తోరణం, పసుపు దంచడం మనవాళ్లకే వదిలినట్టు తీర్మానంలో ఒక వాక్యం చేర్చండి. అది లేకపోతే మేము చెయ్యెత్తం.

తై నెలలో మా చిన్నవాడి పెళ్లి. ముందురోజు పొద్దున ఆరింటికి మా ఇంటి వసారాలో పసుపు దంచుతాం. మేనత్త రోకలి మా దగ్గరే ఉంది. పాటలు వచ్చిన అక్కయ్యలు తప్పక రండి, పిల్లల్ని కూడా లేపి తీసుకురండి.