సీసా మీద లేని అక్షరం



జీవితమంతా తెలుగు పాఠం చెప్పుకొన్నవాడిని. రసాయనాలతో నాకేమి పని అనుకొనేవాడిని. ఆ అజ్ఞానానికి మూల్యం చెల్లించినది నేను కాదు, మా బడిలోని ఆయా.

తనిఖీకి ముందురోజు. "యాసిడ్ పోసినా మరకలు వదలట్లేదండి మేస్టారూ" అన్నది. "కాస్త బ్లీచింగు కూడా చల్లమ్మా" అన్నాను. మా భీమవరం ప్రాంతంలో బ్లీచింగు పొడి ఎరుగనివారు అరుదు. వరద తీస్తే బావిలో వేస్తాము, రొయ్యల చెరువులో చల్లుతాము. అందులో అపాయమున్నదని నాకు తోచనే లేదు. కొద్ది నిమిషాలకే ఆమె దగ్గుతూ, కళ్ళు తెరవలేక, గోడ పట్టుకొని బయటికి వచ్చింది. ప్రాణం దక్కింది, మెట్లెక్కితే వచ్చే ఆయాసం మాత్రం మిగిలిపోయింది.

ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందని సైన్సు మాస్టారు తరువాత చెప్పారు. 1915 ఏప్రిల్ 22న, మొదటి ప్రపంచయుద్ధంలో, బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్ సేన శత్రువుల మీదికి వదిలినది ఆ వాయువునే. గాలికంటె బరువైనది కనుక నేలబారున నిలుస్తుంది. గొంతుక్కూర్చుని తోమే మనిషి ముఖమూ అక్కడే ఉంటుంది.

2017 మార్చి 30న మాకు చేరువలోని మొగల్తూరు వద్ద, ఒక ఆక్వా కర్మాగారంలో వ్యర్థాల తొట్టిని శుభ్రపరచడానికి దిగిన అయిదుగురు కార్మికులు మరణించారు. విషవాయువే కారణమని పత్రికలు రాశాయి. పని వేరు, స్థలం వేరు. కాని శుభ్రం చేయమన్నవారు బయట, చేసేవారు లోపల ఉండడం రెండుచోట్లా ఒక్కటే.

ఇటువంటివి జరిగినప్పుడల్లా "పనివారి అజాగ్రత్త" అంటాము. ఎవరూ చెప్పని సంగతిలో జాగ్రత్త ఎక్కడినుంచి వస్తుంది? వీధిలో అమ్మే యాసిడ్ పాత కూల్‌డ్రింకు సీసాలో వస్తుంది. దాని మీద అక్షరమే ఉండదు. కంపెనీ సీసా మీద ఉన్నా, చీమతలకాయంత ఇంగ్లీషు.

కావలసినవి మూడు తెలుగు వాక్యాలు, పెద్ద అక్షరాలతో: దీనిలో మరేదీ కలపవద్దు. తలుపు, కిటికీ తెరిచి ఉంచండి. ఘాటు తగిలితే వెంటనే బయటికి రండి. చదువురానివారికి నోటితో చెప్పాలి. ఆ బాధ్యత పని చెప్పినవారిది.

వేల జవాబుపత్రాలలో అక్షరదోషాలు దిద్దినవాడిని. మా బడి మరుగుదొడ్డి గోడ మీద ఆ మూడు వాక్యాలు రాయించలేదు. ఆ దోషం నాది.

మీ ఇంట్లో, మీ ఆఫీసులో శుభ్రం చేసే మనిషికి రేపే ఈ మాట చెప్పగలరని ప్రార్థన.