ఇంజన్ ఎవరిది?

గూడ్సు రేక్ సైడింగ్‌లోకి వచ్చాక గడువులోగా సరుకు దించకపోతే రైల్వే గంటల లెక్కన డెమరేజ్ వసూలు చేస్తుంది. అదే రేక్ రెండు రోజులు ఆలస్యంగా వస్తే, కిరాయి కట్టినవాడికి మామూలుగా దక్కేది ఏమీ ఉండదు. సరుకు రవాణాలోకి ప్రైవేటు రావాలా వద్దా అని మన దగ్గర ఇరవై ఏళ్లుగా సాగుతున్న వాదులాటలో ఈ ఏకపక్షపు లెక్క ఎక్కడా కనిపించదు. వ్యాగన్లు ఎవరు కొన్నారన్నది చిన్న సంగతి. ఇంజన్ ఎవరిది, అది మొరాయిస్తే జవాబుదారీ ఎవరు? తేలాల్సింది అది.

ఇంగ్లండ్‌లో ఒక కంకర కంపెనీ ఈ ప్రశ్నను నలభై ఏళ్ల కిందటే తేల్చుకుంది. సోమర్‌సెట్‌లో సున్నపురాయి క్వారీ నడిపే ఫాస్టర్ యోమన్ ఆగ్నేయ ఇంగ్లండ్ కట్టడాలకు రైళ్లలో కంకర పంపేది. వ్యాగన్లు సొంతవే, ఇంజన్లూ డ్రైవర్లూ ప్రభుత్వ బ్రిటిష్ రైల్‌వి. ఆ ఇంజన్లను నమ్ముకుంటే బండి ఎప్పుడు కదులుతుందో తెలిసేది కాదు. క్వారీలో షంటింగుకు కొనుక్కున్న చిన్న అమెరికన్ ఇంజన్ మాత్రం పేచీ లేకుండా పనిచేసేది. ఆ తేడా కళ్లెదుటే కనబడుతుండడంతో, నూటికి 95 వంతులు పనికి సిద్ధంగా ఉండే ఇంజన్లు కావాలని కంపెనీ పట్టుబట్టింది. జనరల్ మోటార్స్ ముందుకొచ్చింది. 1986 జనవరిలో 3,300 హార్స్‌పవర్ ఇంజన్లు నాలుగు సౌతాంప్టన్ రేవులో దిగాయి. ‘క్లాస్ 59’ అనే ఆ రకంలో మొదటిదాని ముక్కు మీద అమెరికా అలవాటు ప్రకారం ఇత్తడి గంట కూడా ఉంది. 1991లో ఆ రకం ఇంజన్లు రెండింటితో దాదాపు 12 వేల టన్నుల బండిని లాగించి చూశారు. దారిలో కప్లింగ్ తెగింది! ఇంత జరిగినా డ్రైవర్లు బ్రిటిష్ రైల్ ఉద్యోగులే, పట్టాలూ సిగ్నళ్లూ ప్రభుత్వానివే. ఇంజన్ ఆగితే వచ్చే నష్టమూ, దాన్ని బాగుచేయించే పూచీ రెండూ ఒకరి నెత్తినే పడ్డాయి. మారింది అంతే.

ఆ కొద్దిపాటి మార్పే తర్వాతి కథకు దారి వేసింది. 1996లో అమెరికాకు చెందిన విస్కాన్సిన్ సెంట్రల్ నాయకత్వంలోని బృందం బ్రిటన్ సరుకు రైళ్ల వ్యాపారంలో సింహభాగం కొని, ఈడబ్ల్యూఎస్ అని పేరు పెట్టింది. రకానికో విడిభాగం వెతుక్కోవలసిన పాత ఇంజన్లను వదిలించుకోడానికి, క్లాస్ 59 ఆకారాన్నే తీసుకుని ఏకంగా 250 ‘క్లాస్ 66’ ఇంజన్లకు ఆర్డరిచ్చింది. ఫ్రైట్‌లైనర్, జీబీ రైల్‌ఫ్రైట్ వంటి పోటీదారులూ అవే కొన్నారు. క్యాబిన్‌లో మోత ఎక్కువని డ్రైవర్లు తిట్టుకున్నారు, పెరటి రేకుల గదిలా ఉందని ‘షెడ్’ అని ముద్దుపేరూ పెట్టారు. అయినా బ్రిటన్‌లో వాటి సంఖ్య 450 దాటింది.

మనం 2006లో కంటైనర్ రైళ్లను ప్రైవేటుకు తెరిచాం. దేశమంతా తిప్పుకునే లైసెన్సుకు 50 కోట్ల రూపాయలు కట్టించుకున్నాం. వాళ్లు వ్యాగన్లు కొన్నారు, డిపోలు కట్టారు. ఇంజన్, సిబ్బంది, దారి, బండి లాగినందుకు వేసే హాలేజ్ ఛార్జీ మాత్రం రైల్వే చేతిలోనే ఉండిపోయాయి. అంటే 1985 నాటి ఫాస్టర్ యోమన్ స్థితిలో వాళ్లను నిలబెట్టి, ప్రైవేటుకు ఇచ్చి చూశాం, అద్భుతాలేమీ జరగలేదు అంటున్నాం. సొంత ఇంజన్ మనకు తెలియని విద్యేమీ కాదు. రామగుండంలో ఎన్టీపీసీ సింగరేణి బొగ్గును సొంత పట్టాల మీద, సొంత ఇంజన్లతో, సొంత వ్యాగన్లలో తెచ్చుకుంటోంది.

బ్రిటన్ ప్రైవేటీకరణ గతి చూడలేదా అని అడగవచ్చు. 2000లో హాట్‌ఫీల్డ్ రైలు ప్రమాదంలో విరిగింది పట్టా. అది ప్రైవేటు కంపెనీ రైల్‌ట్రాక్ అధీనంలోది. పట్టాలను అమ్మకూడదనడానికి అంతకన్న రుజువు అక్కర్లేదు. ఇంజన్ల సంగతి వేరు. ప్రైవేటు మీగడే తింటుందన్న మాటను మాత్రం నేను కాదనను: ఒకటి రెండు వ్యాగన్ల సరుకు పంపే చిన్న ఖాతాదారులకు అక్కడ రైలు దాదాపు దూరమైపోయింది. లాభంతో పాటు నష్టం కూడా ప్రైవేటు కంపెనీలదేనా? బ్రిటన్‌లో బొగ్గు విద్యుత్తు కుప్పకూలినప్పుడు మిగిలిపోయిన క్లాస్ 66లలో కొన్నిటిని యజమానులు పోలండ్ పంపుకున్నారు. ఆ తంటా వాళ్లే పడ్డారు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం మన ప్యాసింజర్ టికెట్టుది. దాని లోటు పూడ్చేది గూడ్సు ఆదాయం, అందులో పెద్ద వాటా బొగ్గుది. అందుకే బొగ్గు జోలికి పోవద్దంటాను. 1951లో దేశంలోని సరుకులో నూటికి 80 వంతులకు పైగా మోసిన రైలు ఇప్పుడు మూడో వంతైనా మోయడం లేదు. లారీకి పోయిన ఆ సరుకు మీద రైల్వేకు ఇవాళ పైసా రాదు. కాబట్టి విశాఖ రేవు నుంచి హైదరాబాద్ సనత్‌నగర్ డిపోకు వచ్చే కంటైనర్ల వంటి ఒక్క మార్గంలో సొంత ఇంజన్లను అనుమతించి, లోకో పైలట్లను రైల్వే నుంచే ఇచ్చి, పట్టా కిరాయి ముందే ఖరారు చేసి అయిదేళ్లు నడిపి చూడవచ్చు. ఆలస్యం రైల్వేదైతే డెమరేజ్ అటు నుంచి ఇటు ఎంత కట్టాలో ఆ ఒప్పందం మొదటి పేజీలోనే రాసుకోవాలి.