కానుక మాటున బేరము

గంజాయి మంచిదా, చెడ్డదా యను వాదమునకు మేమిప్పుడు పూనుకొనుట లేదు. దానివలన చెడిన సంసారములు మన యూళ్లలోను గలవు. మా ప్రశ్న వేఱు. ఒక వస్తువును దగ్గఱ నుంచుకొనవచ్చునని చెప్పి, దానిని కొనుటకు దారి మూసివేసిన శాసనము ప్రజల కేమి నేర్పును?

అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమున నిదియే జరిగినది. 2014 నవంబరులో పౌరులు 71వ ప్రజాప్రతిపాదనను అత్యధిక సంఖ్యాకుల వోటుతో ఆమోదించిరి. 2015 ఫిబ్రవరి 26వ తేదీనుండి అది అమలులోనికి వచ్చినది. 21 ఏండ్లు నిండినవారు 2 ఔన్సుల వరకు దగ్గఱ నుంచుకొనవచ్చును. ఇంట 6 మొక్కలు పెంచుకొనవచ్చును. ఒక ఔన్సు మఱియొకరికి ఉచితముగ నీయవచ్చును. అమ్మరాదు.

అమ్మకమునకు నియమము లేర్పఱచు భారము నగరసభది. కాని, దేశ శాసనసభయగు కాంగ్రెసు అడ్డుపడినది. ప్రజల వోటును రద్దుచేయు ధైర్యము చూపక, ఆ పనికి నగరము సొమ్ము వెచ్చింపరాదని ద్రవ్యశాసనములో నొక నిబంధన చేర్చి, ఏటేట దానిని కొనసాగించుచు వచ్చినది. విస్తరి వేసి వడ్డన మాన్పించినట్లయినది.

దాని ఫలము చూడుడు. టోపీయో, బొమ్మయో కొన్నవానికి గంజాయి "కానుక"గ నిచ్చు అంగళ్లు వీథివీథిని వెలసినవి. ఆ బొమ్మ వెల విన్నవానికి బేరము దేనికో తెలియకపోదు. సరకునకు పరీక్ష లేదు. గంజాయి యమ్మకముపై పన్ను లేదు. 2022లో నగరసభ వేఱొక త్రోవ తీసినది. వైద్యుని చీటి లేకయే, ఔషధముగ వాడుకొందునని వ్రాసి యిచ్చిన వయోజనుడు అనుమతి గల వైద్యాలయపు అంగడిలో కొనవచ్చును. అనుమతి పొందని దుకాణములను 2024 నుండి మూయించుచున్నారు. సరకు పరీక్షకు వచ్చుట మేలే. కాని ఆరోగ్యవంతునిచేత రోగినని వ్రాయించు శాసనము సత్యమును పెంచునా?

ఇంతలో నగరవీథి దాటి కేంద్రప్రభుత్వపు ఉద్యానవనమున అడుగిడినచో, ఆ చిటికెడు గంజాయియే నేరమగును. పౌరసత్వము లేని పరదేశీయుల కపాయము మఱింత హెచ్చు. నగరశాసనము క్షమించినను, కేంద్రశాసనము వారి ప్రవేశమునకును నివాసమునకును ముప్పు తేగలదు. చదువులకై పోవు మన తెలుగుబిడ్డ లీ సంగతి మఱవరాదు.

రాజధాని దేశమంతటి సొత్తని కొంద ఱందురు. అట్లయిన కాంగ్రెసు తానే స్పష్టముగ నిషేధించి, ఆ నింద తానే భరింపవలెను. గోడమీది పిల్లివాటము ప్రభుత్వములకు తగదు. ఆ నగరవాసులు సుమారు 7 లక్షలు. పన్ను లిచ్చుచున్నారు. సెనేటులో వారికి ప్రతినిధియే లేడు. క్రిందిసభలోని ప్రతినిధికి శాసనములపై తుది వోటు లేదు. తమకు జవాబు చెప్పనక్కఱలేని సభ తమ ముడుపుసంచి మూతి బిగించి పట్టుకొనియున్నది. గంజాయి వలదనుట కెవరికైన హక్కు గలదు. ఆ మాట చెప్పవలసినవారు మాత్రము ఆ నగరప్రజలే.